అతలస్పర్శం: మా సారు ఇచ్చిన మాట

మా తెలుగు సారు పోయారు. మొన్న పొద్దున మీర్‌పేట్ నుంచి వాళ్ళ అమ్మాయి ఫోన్ చేసింది. “అన్నా, బాపు పోయిండు” అని పెట్టేసింది.

ఇబ్రహీంపట్నం బడిలో చదివే రోజుల్లో సారు ఒక మాట చెప్పారు: అతలస్పర్శం. అడుగు తగలనంత లోతైనది అని అర్థం. పుస్తకాల్లో తప్ప వినపడదు. గొప్పగా ఉందని నేను వ్యాసంలో ‘అతలస్పర్శమైన మా పెద్ద చెరువు’ అని రాశాను. సారు దాన్ని దిద్దకుండా వదిలేశారు. ఎండాకాలం రాగానే తరగతినంతా ఎండిన చెరువులోకి నడిపించి, నన్ను నడిమధ్యన నిలబెట్టారు.

“నీ కాళ్ళ కింద ఏమున్నదిరా?”

“మట్టి, సార్.”

“మరి అడుగే లేదని రాస్తివి గదరా! కాలు ఆనిన కాడ గా మాట వాడొద్దు.”

వెనకనుంచి ఒకడు, “వీని కడుపుకు వాడొచ్చు సార్, ఎంత పెట్టినా నిండది” అన్నాడు. ముందుగా నవ్వింది సారే.

“పెద్ద మాటను చిన్న పనికి పంపొద్దురా” అనేవారు. ఆయన భార్య చిన్న వయసులోనే పోయింది. ఆ ముచ్చట ఎన్నడూ తీయలేదు.

తర్వాత చాలా ఏళ్ళకు నా భార్య పోయింది. సారు వచ్చి, చెప్పులు విడిచి, నా పక్కన నేలమీదే కూర్చున్నారు. నేనే అడిగాను.

“సార్, గా మాట ఇప్పుడు వాడొచ్చునా?”

నా మోకాలిమీద చెయ్యి వేశారు.

“వద్దు బిడ్డా. జర ఆగు. కాలు ఆనుతది.”

దాన్ని పట్టుకునే బతికాను. ఆదివారం ప్రార్థన అయ్యాక సారు మా ఇంటిదగ్గర ఆగేవారు. “తిన్నవా?” అని మాత్రం అడిగేవారు. తిన్నానని చెప్పేవాణ్ణి. ఏళ్ళు గడిచాయి. కాలు ఆనలేదు.

కిందటి నెల దవాఖానలో, గొంతు సగం పోయాక, ఆయనే అడిగారు.

“ఆనిందారా?”

“లేదు సార్.”

కళ్ళు మూసుకున్నారు.

“నాకూ ఆనలేదు. నీకన్నా ఆనుతదేమో అనుకున్న.”

కోపం రాలేదు. ఆ సంగతి నాకు తెలియకుండా ఉంటే బాగుండేదనిపించింది, అంతే. ఇప్పుడిక ఆగమని చెప్పేవారు లేరు.

సమాధి తోటలో పాస్టరు ప్రార్థన ముగించాక ఒక్కొక్కరూ పిడికెడు మట్టి వేశారు. నేనూ వేశాను. అది పెట్టెమీద పడిన చప్పుడు అందరికీ వినపడే ఉంటుంది. నేను ఇంకా ఆ చప్పుడు కోసం చెవి ఒగ్గి వంగి ఉంటే, ఎవరో “పెద్దాయనా, జర జరుగు” అని భుజం పట్టి పక్కకు జరిపారు.