భీమక్క కళ్ళు

భద్రాచలంలో మా కిటికీ కింద ఎవరో ఇప్పపువ్వు ఎండబోశారు. ఆ తీపి, మత్తు వాసన గదిలోకి రాగానే రాస్తున్న చెయ్యి ఆగిపోయింది. చర్ల అవతలి కోయగూడెం, అక్కడి పూజారి జోగయ్య తాత పొగమంచులోంచి నడిచి వచ్చినట్టు కళ్ళ ముందుకొచ్చారు.

చనిపోయినవారి కళ్ళు దానం చేయమని ఊరూరా తిరిగి చెప్పడం నా ఉద్యోగం. ఆ గూడెంలో నా మాటలు చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉండేవి. మర్యాదగా వినేవారు, నీళ్ళిచ్చి పంపేవారు. కళ్ళు లేకుండా పోతే, ముందే పోయిన పెద్దల దగ్గరికి దారెలా దొరుకుతుందని వాళ్ళ భయం. తాత భార్య భీమక్క ఒక్కతే, "నావి తీస్కో బిడ్డా, కాష్టంల కాలేదానికంటే మేలు గద" అన్నది. ఆ మాటతో ఆవిడ మీద నాకు ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను.

ఆ ఊళ్ళో వానలకు ముందు విత్తనాల పండుగ చేస్తారు. ఇంటింటి గింజలూ ఒక్కచోట కలిపి, మళ్ళీ తలా దోసెడు పంచుతారు. ఒక ఏడాది ఆ పండుగ మర్నాడే భీమక్క ఉన్నట్టుండి కన్నుమూసింది. కబురందగానే డాక్టరును వెంటబెట్టుకుని పరుగెత్తాను. కొన్ని గంటలు దాటితే ఆ కళ్ళు ఎవరికీ పనికిరావు. కొడుకు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"అమ్మను గుడ్డిదాన్ని చేసి పంపమంటవా ఏంది? దారి తప్పితే ఎట్ల?"

భార్య పక్కన కూర్చున్న తాత నెమ్మదిగా లేచారు. పోయినవాళ్ళను పేరు పెట్టి పిలిచి, పాటతో పెద్దల్లో కలిపేది ఆయనే.

"దారి చెప్పేది నేను గదరా. మీ అమ్మ నా పాట ఎంబడి నడుస్తది. పాట ఇనేది చెవులతోని, కండ్లతోని కాదు," అన్నారు. "నిన్న గింజలు పంచితిమి. ఎవరి గింజ ఎవరి చేన్ల మొలుస్తదో అడిగినమా? గిదీ గంతే."

కొడుకు ఏడుస్తూ పక్కకు జరిగాడు. లోపల డాక్టరు పని చేస్తున్నంతసేపూ, బయట వేపచెట్టు కింద తాత పాడుతూనే ఉన్నారు. ఆ భాష నాకు రాదు. అయినా ఎవరో అడవిలోకి తీరిగ్గా నడిచిపోతున్నట్టే అనిపించింది. తర్వాత చూస్తే భీమక్క రెప్పలు మూసుకుని నిద్రపోతున్నట్టే ఉంది.

కొన్నాళ్ళకు తాత చర్ల బస్టాండులో కనిపించారు.

"ఆమె కండ్లు ఎవరికి పెట్టిండ్రు బిడ్డా?"

"మాకు చెప్పరు తాతా. ఎవరైనా కావచ్చు."

"అవ్, మంచిదే." బస్సు దిగుతున్న జనం వైపు ఆయన చాలాసేపు చూశారు. "గట్లయితే ఎవరు ఎదురైనా నవ్వి పలకరించాలె. ఆమె సూస్తాంటది."

ఇప్పుడు తాత కూడా లేరు. ఎదురైన కొత్తవాళ్ళను చూసి నవ్వుతానని మా ఇంట్లో నన్ను ఆటపట్టిస్తుంటారు.