ఇంగువ డబ్బాలో ఆవిరి యంత్రం

బుద్ధున్నవాడెవడూ ఇంగువ డబ్బాలో ఆవిరి యంత్రం కట్టడు. నేను కట్టాను. కట్టి, అద్దం ముందు నిలబడి, ఐర్లండ్ మొత్తంలో నాలాంటివాడు ఇంకొకడు ఉండడనుకున్నాను. ఆ మాట మాత్రం నిజమే.

దీనికంతటికీ మూలం నేను సిగరెట్లు మానేశానని ప్రకటించడం. నేవన్ ఊళ్ళో మా ఇంట్లో, ఆదివారం భోజనాల దగ్గర, మా ఆవిడకు మాటిచ్చాను. ఎదురుగా మా బావ ఉన్నాడు. అంటే మా ఆవిడ అన్నయ్య. బ్లాంచర్డ్స్‌టౌన్‌లో ఉంటాడు, మందుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఇద్దరికి సరిపోయే మీసం ఆయనొక్కడే వాడుకుంటున్నాడు. కూతురు పుట్టిన రోజునే సిగరెట్ మానేశానని కనిపించినవాళ్ళందరికీ చెబుతాడు.

"దమ్ము మానడానికి దమ్ముండాలి బావా," అన్నాడు మీసం దువ్వుతూ.

"నాకు లేదంటావా?"

"ఉంటే పందెం కాయి. మనిద్దరిలో ఎవడు మళ్ళీ పొగ పీల్చినా వాడి మీసం ఎగిరిపోవాలి. ఆవిరి పీల్చినా పొగ కిందే లెక్క."

"ఆయన మాటిచ్చారు కదా అన్నయ్యా, మళ్ళీ పందేలెందుకు?" అంది మా ఆవిడ. ఆ నమ్మకం చూడగానే నాకు ఒక సిగరెట్ కాల్చాలనిపించింది.

పొగ మానగానే పొగడ్తలు మొదలయ్యాయి. పొగడ్తల వెనకే పొగరు. ఆఫీసులో మనోనిబ్బరం గురించి ఉపన్యాసాలిచ్చాను. కొన్నాళ్ళకు నిబ్బరం పోయి ఉపన్యాసాలే మిగిలాయి. వేప్, అంటే ఆవిరి సిగరెట్, కొందామని కొట్టుకెళితే గల్లా దగ్గర మన తెలుగమ్మాయే, మాస్టర్స్ చదువుతూ పార్ట్ టైమ్ చేస్తోంది. "నమస్తే అంకుల్, ఏం కావాలి?" అంది. చూయింగ్ గమ్ కొనుక్కుని ఇంటికొచ్చాను. ఆన్‌లైన్లో తెప్పిద్దామంటే పార్సెళ్ళు విప్పేది మా ఆవిడ. పైగా కొన్న వేప్ వేప్ లాగే కనిపిస్తుంది. కనిపించనిది కావాలంటే మనమే కట్టుకోవాలి.

నేను చదివింది ఎలక్ట్రానిక్స్, బతుకుతున్నది సాఫ్ట్‌వేర్ మీద. డిగ్రీకి పని దొరికింది ఇన్నాళ్ళకి. పాత టార్చిలోంచి బ్యాటరీ, ఓ మీట, సన్నతీగ చుట్ట, పీల్చడానికి పెన్ను గొట్టం. దూది కోసం మా ఆవిడ దీపారాధన వత్తి ఒకటి తీశాను. దేవుడేమీ అనుకోడనుకున్నాను, ఆయనకూ ధూపం అలవాటే కదా. లోపల పోసే ద్రవం ఆఫీసులో ఒక ఐరిష్ మిత్రుడు దానం చేశాడు.

ఇక పెట్టె. అరచేతిలో ఇమడాలి. ఎవరి కంటనైనా పడితే అనుమానం రాకూడదు. ఖాళీ ఇంగువ డబ్బా! వంటింటి అలమరను ఇక్కడ ప్రెస్ అంటారు. ఆ ప్రెస్‌లో మెంతుల సీసా వెనక పెడితే పోలీసులొచ్చినా పట్టుకోలేరు. డబ్బాను సబ్బుతో కడిగాను, నిమ్మచెక్కతో తోమాను, ఎండలో పెట్టాను. ఐర్లండ్ ఎండ కాబట్టి అది కాసేపట్లో తడిసింది. కడిగితే ఇంగువ వాసన పోతుందని నమ్మిన తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే అయివుంటాను.

మొదటి దమ్ము పెరట్లో షెడ్డు వెనక, చెత్తడబ్బాల పక్కన లాగాను. నోట్లోకి నేరుగా పులిహోర వచ్చింది. పక్కింటి ముసలావిడ కంచె మీదుగా తల పెట్టి, "స్మెల్స్ గ్రాండ్! వాట్స్ ఫర్ డిన్నర్?" అంది. ఇంట్లోకి వస్తే మా అమ్మాయి ముక్కు ఎగబీల్చి, "డాడ్, యు స్మెల్ లైక్ లంచ్," అంది.

"ఏవండీ, మీ కోటుకు తిరగమోత వాసనేంటి?" అంది మా ఆవిడ.

"క్యాంటీన్లో ఇవాళ ఇండియన్ వంటలు."

ఆ తర్వాత మా క్యాంటీన్లో రోజూ ఇండియన్ వంటలే.

ఒక ఆదివారం బావ కుటుంబంతో వచ్చాడు. చారు పెట్టడం తనకొక్కడికే వచ్చని ఆయన నమ్మకం. నన్ను పేకాటకు కూర్చోబెట్టి, ముక్కలు పంచేలోగా చారు అయిపోతుందని వంటింట్లోకి వెళ్ళాడు. ఆవాలు చిటపటలాడాయి. "చెల్లాయ్, ఇంగువేదీ?" అన్న కేక వినపడింది. "ప్రెస్‌లో చూడన్నయ్యా," అంది మా ఆవిడ. నా చేతిలో ముక్కలు కింద పడ్డాయి. నేను లేచేలోపే ఆయన డబ్బా మూత తీసి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇదేం ఇంగువ బావా, బ్యాటరీతో పనిచేస్తుందా?"

అందరూ నవ్వారు. ఆయన మీట నొక్కి, లోపలికి తొంగిచూసి, "తీగ మరీ బిగించి చుట్టావు. దూది కూడా కాస్త వదులుగా పెట్టాలి," అన్నాడు. ఇంజనీరు కదా, అన్నీ తెలుస్తాయి కాబోలనుకున్నాను.

మా ఆవిడ మాత్రం నవ్వలేదు. డబ్బాలోకి చూసి ఒక్కటే అడిగింది: "ఆ వత్తి నా దీపానిదేనా?"

ఆ ప్రశ్నతో నేను నిజంగానే మానేశాను. మోసం చేసింది నా మీసం కాబట్టి, పందెం ప్రకారం అదీ ఆ సాయంత్రమే పోయింది. మా అమ్మాయి నన్ను చూసి, "పుట్ ఇట్ బ్యాక్," అంది. మా ఆవిడ నాతో మళ్ళీ మామూలుగా మాట్లాడేసరికి అది సగం మొలిచింది. యంత్రాన్ని మాత్రం ఆ రోజే బావ జేబులో వేసుకున్నాడు. "ఇది నీ దగ్గరుంటే ప్రమాదం. బ్యాటరీ చెత్తలో పడెయ్యకూడదు, నేను రీసైక్లింగ్‌లో ఇచ్చేస్తాలే," అన్నాడు. ఆయన పర్యావరణ స్పృహకు ముచ్చటపడ్డాను.

తర్వాత వాళ్ళమ్మాయి పుట్టినరోజుకు బ్లాంచర్డ్స్‌టౌన్ వెళ్ళాం. పిజ్జాలు తెప్పించారు, పొయ్యి వెలిగించలేదు. బావ కుర్చీలు తెస్తానని పెరట్లో షెడ్డులోకి వెళ్ళాడు. చాలాసేపటికి ఒక్క కుర్చీతో తిరిగొచ్చి నా పక్కన కూర్చున్నాడు.

పులిహోర! ఆ మీసం నిండా పులిహోర!

వాళ్ళావిడను నేను అక్కయ్యా అంటాను. ఎంతో అమాయకంగా అడిగాను: "అక్కయ్యా, పిజ్జాలో ఇంగువ వేశారా?"

"పిజ్జాలో ఇంగువేంటి తమ్ముడూ?" అంటూ వచ్చి, గాలి పీల్చి, మొగుడి దగ్గర ఆగింది. వంగి మీసం వాసన చూసింది. మా ఆవిడ పిజ్జా ముక్క పళ్ళెంలో పెట్టేసి అన్నయ్య కేసి చూసింది.

"కుర్చీలు బాగా దుమ్ముపట్టాయి," అన్నాడు బావ.

"ఎన్నాళ్ళబట్టి?" అంది అక్కయ్య. ఆవిడ అడిగింది దుమ్ము గురించి కాదు.

మర్నాడు కొత్త ఇంగువ డబ్బా ఒకటి కొని, ఇంగువ సీసాలోకి ఒంపి, ఖాళీ డబ్బాలో షేవింగ్ బ్లేడు పెట్టి బావకు పోస్టులో పంపాను. కడగలేదు.