సీసపు యోధుడి తెల్ల అంగీ

మా వదినగారు పోయారు. మావారికి అక్కగారు. తాడేపల్లిగూడెంలో ఉన్న మా మరిదిని చూసి వస్తానని వెళ్ళి, అక్కడే మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాల్చారట, మళ్ళీ లేవలేదు. ఏలూరులో మాకు కబురు అందేసరికి, దసరా దగ్గర పడిందని నేను అటక మీది బొమ్మల పెట్టె దింపిస్తున్నాను.

వదినగారిని కొల్లేటి ఒడ్డు పల్లెలో ఇచ్చారు. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేశారు. అప్పటినుంచీ తెల్లచీరే. "కొల్లేటి నీళ్ళలో ఉతికితే తెలుపు నిలవదమ్మాయ్, ఎర్రజీర వచ్చేస్తుంది" అంటూ, ఆ కసి అంతా మా నూతి దగ్గర తీర్చుకునేవారు. జాడించి, నీలిమందు పెట్టి, దండెం మీద ఆరేసి, ఒక కన్ను మూసి చూసేవారు. తృప్తిగా లేకపోతే మళ్ళీ తడిపేవారు. ఆ చాదస్తానికి నేను నవ్వితే తనూ నవ్వేవారు.

మా ఇంట్లో దసరాకే బొమ్మల కొలువు. ఏటా ఒక కొత్త బొమ్మయినా పెట్టాలి. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు ఏ కారణం చేతనో ఎవరమూ బొమ్మ కొనలేదు. అంతకుముందు ఎవరో దొరగారి సామాను వేలం వేస్తే మావారు పుస్తకాల పెట్టె ఒకటి కొన్నారు. దాని అడుగున జానెడు సీసపు బొమ్మ దొరికింది. పాతకాలపు దొరల సీమ యోధుడు. ఒళ్ళంతా ఇనుప తొడుగు, దాని మీద మోకాళ్ళ దాకా అంగీ, చేతిలో కత్తి. రంగు దాదాపు అంతా పోయింది. ఈ ఏటికి వీడే కొత్త బొమ్మ అన్నారు వదినగారు.

తలుపులకు వేయగా మిగిలిన తెల్ల రంగులో ఇంత నీలిమందు, చిటికెడు దీపం మసి కలిపి అంగీకి పూశారు. మా అత్తగారు చూసి, "ఇదేమిటే, బూడిద పూశావు?" అన్నారు.

"ఇది నీడమ్మా. దీని మీద తెలుపు వేస్తాను."

"కొలువులో తెల్లబట్టలేమిటే? శుభమా అని పండగ పూట! ఏ ఎరుపో పసుపో వెయ్యరాదూ?"

"గోటితో గీకి చూశానమ్మా, వీడి అంగీ తెలుపే. నా కోసం వేస్తున్నాననుకోకు."

వదినగారు తన చీరొకటి దండెం మీద వేసుకుని, దాన్ని చూస్తూ అంగీ మడతల మిట్టల మీద మాత్రం తెలుపు అద్దారు. పల్లాలు అలాగే వదిలేశారు. "తెల్లరంగు పూసేస్తే తెలుపు రాదమ్మాయ్. నీడ ఉండనివ్వాలి" అన్నారు నాతో. ఆరాక చూస్తే సీసం మీద నిజంగా గుడ్డ కప్పినట్టే ఉంది.

పేరంటం రోజున వదినగారు హాల్లోకి వచ్చేవారు కాదు. శనగలు నానబెట్టడం దగ్గర నుంచి తాంబూలాలు సర్దడం దాకా అన్నీ ఆవిడే చేసి, పళ్ళెం వంటింటి తలుపు చాటు నుంచి అందించేవారు. పద్ధతి అనుకుని అందరం ఊరుకునేవాళ్ళం. నాకు మాత్రం ఆ పళ్ళెం అందుకున్న ప్రతిసారీ మనసు చివుక్కుమనేది.

ఆ ఏడు పేరంటానికి వచ్చిన ఒకావిడ యోధుణ్ణి చూసి, "ఏవండీ, ఈయన కాంపౌండరాండీ? కత్తి పట్టుకున్నాడేవిటండీ?" అంది.

తలుపు చాటు నుంచి వదినగారు, "సూది మందుకి లొంగలేదండీ రోగం!" అన్నారు.

అందరూ పకపకా నవ్వారు. ఆవిడ బొమ్మను దగ్గరగా చూసి, "ఎంత తెల్లగా ఉందండీ! ఎవరు వేశారండీ?" అంది. నేను అత్తగారి వంక చూశాను. ఆవిడ వంటింటి వైపు తిరిగి గట్టిగా, "చాటునుంచి మాటలేమిటే అమ్మడూ? ఇలా వచ్చి కూర్చుని చెప్పు" అన్నారు.

వదినగారు కొంగు భుజం చుట్టూ కప్పుకుని వచ్చి చాప చివర కూర్చున్నారు. మొదట రెండు ముక్కల్లో చెప్పారు. నీలిమందు సంగతి వచ్చేసరికి మాత్రం మా వదినగారిని ఆపడం ఎవరి తరం! పేరంటాళ్ళు వెళ్ళేటప్పుడు వాళ్ళతో పాటు వదినగారి కొంగులో కూడా అత్తగారే శనగలు పోశారు. అది చూసిన ఎదురింటావిడ మరుసటి ఏడు నుంచి మా పేరంటానికి రావడం మానేసింది. మానేస్తే మానేసింది, మాకేం లోటు రాలేదు. వదినగారు మాత్రం ఏటా వచ్చి ఆ చాప చివరే కూర్చునేవారు.

ఆవిడ కార్యక్రమాలు అయ్యాక, ఈ ఏటికి కొలువు వద్దులెండి అన్నాను. అత్తగారు ఒప్పుకోలేదు. "దాని బొమ్మ పెట్టు" అన్నారు. పెట్టెలోంచి తీస్తే యోధుడి అంగీ అంచున రంగు పెచ్చు లేచి ఉంది. నేనే దిద్దబోయాను. గోడకు సున్నం కొట్టినట్టు వచ్చింది. తుడిచి మళ్ళీ వేశాను, మళ్ళీ అంతే. ఏడుపొచ్చింది.

చూస్తూ కూర్చున్న అత్తగారు లేచి లోపలికి వెళ్ళారు. వదినగారి చీరొకటి తెచ్చి, నూతి దగ్గర తడిపి, దండెం మీద వేసి మడతలు సర్దారు.

"దీన్ని చూసి వెయ్యి" అన్నారు.

పొద్దుటెండ పడి ఆ చీర మిట్టలన్నీ మెరుస్తున్నాయి, మడతల్లో లేత నీలం నిలిచి ఉంది. కొంగు చివర నుంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి.