రన్‌వే చివర పదకొండో కారు

దెయ్యాలు, మహిమలు అంటే నాకు మొదటినుంచీ చిరాకు. మెడిసిన్ చదివే రోజుల్లో హాస్టల్లో ఎవరైనా అలాంటి కథ ఎత్తుకుంటే, "సాక్ష్యం ఏది?" అని వాళ్ల ఉత్సాహం మీద నీళ్లు చల్లేవాణ్ణి. ఇప్పుడు నా దగ్గరే ఒక కథ ఉంది. సాక్ష్యం అడిగితే బల్బు సరిగ్గా వెలగని ఒక కారు తప్ప చూపించడానికేమీ లేదు.

ఇంగ్లండ్‌లో, స్విండన్ ఊళ్లో కాంట్రాక్ట్ అయిపోయాక, స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఒక చిన్న ద్వీపంలో ఆరునెలల జీపీ ఉద్యోగం, అంటే ఊరి డాక్టరు పని, దొరికింది. రెండువేల మూడు చలికాలం. మా ఆవిడ సుజాతకు అప్పుడు ఏడో నెల.

అక్కడి ఎయిర్‌పోర్ట్ అంటే ఒక గులకరాళ్ల రన్‌వే, ఒక షెడ్డు, గాలివాటం చూపించే గుడ్డ గొట్టం. అంతే. రన్‌వే ఒక కొస నేరుగా సముద్రం మీదికి ఉంటుంది. విమానం వచ్చే ముందు డంకన్ అనే పెద్దాయన జీపులో తిరిగి గొర్రెల్ని తోలేవాడు. ఫైరింజన్ నడిపేదీ, ఊళ్లో ఉత్తరాలు పంచేదీ కూడా ఆయనే.

ఆ ద్వీపంలో ఎవరూ కారులోంచి తాళం తీయరు. నేను మాత్రం గుంటూరు బుద్ధి పోనిచ్చుకోక, లాక్ చేసి, లాగి చూసి, నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి మళ్లీ లాగి చూసేవాణ్ణి.

"దొంగ ఎత్తుకెళ్లినా ఎక్కడికి పోతాడు డాక్టర్? చుట్టూ సముద్రమే కదా," అని డంకన్ ఆటపట్టించేవాడు. నా పాత కారుకు ఒకవైపు లైటు సరిగ్గా వెలిగేది కాదు, కన్నుకొట్టినట్టు మిణుకుమిణుకుమనేది. బల్బు మార్చమని ఆయన, రేపు మారుస్తానని నేను.

డిసెంబర్‌లో ఒక మధ్యాహ్నం సుజాతకు రక్తస్రావం మొదలైంది. నేనూ నర్సూ చేయగలిగిందంతా చేశాం. ఆపరేషన్ చేసే ఆసుపత్రి సముద్రానికి అవతల ఉంది. త్వరగా చేరకపోతే తల్లీబిడ్డా ఇద్దరూ దక్కరని నాకు తెలుసు. విమానం పంపమని ఫోన్ చేసి, అంబులెన్స్‌లో ఆమె పక్కన కూర్చుని రన్‌వేకి వెళ్లాను. నా కారు క్లినిక్ ముందే ఉండిపోయింది. తాళం నా కోటు జేబులో ఉంది.

అక్కడ చలికాలంలో మూడున్నరకే చీకటి పడుతుంది. పక్కగాలి, మంచు కలిసిన వాన. గాలికి కరెంటు పోయి రన్‌వే లైట్లు ఆరిపోయాయి. డంకన్ నాలుగు ఫోన్లు చేశాడు. కాసేపట్లో పది కార్లు వచ్చాయి. రన్‌వేకి అటు ఐదు, ఇటు ఐదు పెట్టించి హెడ్‌లైట్లు వేయించాడు.

విమానం కిందికి దిగినట్టే దిగి, మళ్లీ పైకి లేచిపోయింది. సుజాత నా చెయ్యి పట్టుకుంది.

"ఏవండీ, దిగుద్దంటారా?"

"దిగుద్ది," అన్నాను. నాకు నమ్మకం లేదు. చాలా భయపడ్డాను.

రెండోసారి దిగింది.

సముద్రం దాటి దిగాక, సుజాతని ఆసుపత్రి అంబులెన్స్‌లోకి ఎక్కిస్తుంటే పైలట్ ఆవిడ నాతో చెప్పింది. మొదటిసారి నేల ఎక్కడ ఆగిపోతుందో కనిపించక వదిలేసిందట. రెండోసారి మాత్రం అన్ని కార్లకీ అవతల, సముద్రం అంచున, ఇంకో కారు కనిపించిందట. "ఒక లైటు మిణుకుమిణుకుమంటోంది. దాన్ని చూసే దిగాను. అదెవరిదో, నా తరఫున థ్యాంక్స్ చెప్పండి," అంది.

ఆ సాయంత్రమే మా అమ్మాయి పుట్టింది. కిలోన్నర.

మూడు వారాల తర్వాత ద్వీపానికి తిరిగొచ్చి డంకన్‌ని అడిగాను. "పది కార్లే డాక్టర్. నా చేత్తో నేనే పెట్టించా. ఆ అంచున ఎవరూ లేరు," అన్నాడు. వెళ్లి చూస్తే నా కారు క్లినిక్ ముందే, లాక్ చేసే ఉంది. బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. హెడ్‌లైట్ల స్విచ్ వేసి ఉంది.

ఆ పొద్దున నేనే ఆపడం మర్చిపోయి ఉండొచ్చు. కానీ క్లినిక్‌కీ రన్‌వేకీ మధ్య రెండు మైళ్ల దూరం, ఒక కొండ. ఇప్పుడు మేం మిల్టన్ కీన్స్‌లో ఉంటున్నాం. మా అమ్మాయికి ఐదేళ్లు దాటబోతున్నాయి. నేను తెలుగులో కసిరితే ఇంగ్లీషులో ఎదురు చెబుతుంది. దాన్ని చూసినప్పుడల్లా ఆ లైటు గుర్తొస్తుంది. ఎలా జరిగిందో నాకు ఇవాళ్టికీ తెలియదు.

ద్వీపం వదిలి వచ్చే రోజు, విమానంలో సుజాత పాపని ఎత్తుకుని నా కోసం చూస్తోంది. ఆ కారు ఇక డంకన్‌దే. దాన్ని రన్‌వే చివర నిలిపాను. బల్బు మార్చలేదు. తాళం దాంట్లోనే వదిలేసి, తలుపు వేసి, లాగి చూడకుండా వచ్చేశాను.