అప్ప కట్టిన ముడి

పొద్దున్నే దుకాణానికి రాగానే మీనాకుమారి చేసే మొదటి పని పూల మూటల ముడులు విప్పడం. ఖరగ్‌పూర్‌లోని ఝపటాపూర్‌లో శ్రీనివాసులుగారి పూజా సామాన్ల దుకాణానికి కోలాఘాట్ నుంచి బంతిపూల మూటలు వస్తాయి. మిగతా దుకాణాల వాళ్ళు తాళ్ళను బ్లేడుతో కోసేస్తారు. ఆమె ప్రతి ముడినీ బొటనవేలితో తడిమి, ఎటు లాగితే వస్తుందో చూసి విప్పుతుంది. శ్రీనివాసులుగారు కట్టిన కర్పూరం పొట్లాలను కూడా ఆమె విప్పి మళ్ళీ కడుతుంటే ఆయన మొదట్లో నొచ్చుకున్నారు. ఇప్పుడు పట్టించుకోవడం మానేశారు.

ఆమె తండ్రి తవిటయ్య రైల్వే వర్క్‌షాపులో ఖలాసీగా పనిచేశాడు. ఖరగ్‌పూర్ తెలుగు వాళ్ళు పిల్లల్ని స్కౌట్లలో, గైడ్లలో చేర్చేది క్రమశిక్షణ కోసం ఒక్కటే కాదు. రాష్ట్రపతి బ్యాడ్జి తెచ్చుకున్న వాళ్ళకు రైల్వేలో ప్రత్యేకమైన కోటా ఉంది. డివిజను మొత్తానికి ఏడాదికి ఒకటో రెండో ఉద్యోగాలు. తవిటయ్యకు ఉన్నది ఒక్క కూతురు. ఆయన రిటైరైతే క్వార్టరు ఖాళీ చేయాలి. ఈలోగా పిల్లకు ఆ ఉద్యోగం వస్తే ఇల్లు నిలుస్తుంది. ఆ సంగతి ఇంట్లో దాచలేదు. మొదటిసారి నీలం యూనిఫాం వేసుకున్న రోజే మీనాకుమారికి చెప్పి పంపారు.

బడి దళంలో ఒక పద్ధతి ఉండేది. కొత్తగా చేరిన పిల్లను ఒక పెద్ద పిల్లకు అప్పగించేవారు. ఆ పెద్ద పిల్లే నడకా, వందనమూ, ముడులూ, గుడారమూ అన్నీ నేర్పాలి. మిగతా పిల్లలు ఆమెను దీదీ అంటే, తెలుగు పిల్లలు అప్ప అనేవారు. గైడ్ల నియమావళిలో ఎక్కడా రాసి ఉండని నియమం ఒకటి అందరికీ తెలుసు. అప్ప కట్టిన ముడిని చెల్లి విప్పకూడదు. విప్పితే అప్పను నమ్మలేదని అర్థం.

మీనాకుమారికి దొరికిన అప్ప నీలవేణి. రెండు తరగతులు పెద్దది, పూరీ గేట్ వైపు నుంచి సైకిల్ మీద వచ్చేది. నేర్పడంలో ఆమెకు సాటి లేదు. తడి తాడుతో ముడి వేయించి, అది పంటితో విప్పేదాకా ఎండలో నిలబెట్టేది. తప్పు చేస్తే తాడు కొసతో వేళ్ళ కణుపుల మీద కొట్టేది. తర్వాత ఆ వేళ్ళకు తనే కొబ్బరినూనె రాసేది. మీనాకుమారి ఆమె బూట్లు తుడిచేది, స్కార్ఫు ఇస్త్రీ చేసి తెచ్చేది. నాకు సొంత అప్ప ఉన్నా ఇంత ప్రేమించి ఉండేదాన్ని కాదని తల్లితో అనేదట.

ఆ ఏడాది బ్యాడ్జి పరీక్షా శిబిరానికి బడి నుంచి ఒక్కరినే పంపుతామన్నారు. గైడ్ కెప్టెన్‌ను అందరూ దీదీమణి అనేవారు. ఆవిడ దృష్టిలో ఉన్నది ఇద్దరే, నీలవేణి, మీనాకుమారి. వార్షిక ర్యాలీకి గైడ్ల కమిషనర్ మేడం వస్తారు, ఆవిడ చూసి తేలుస్తారు. ఎప్పుడూ జెండా కట్టేది నీలవేణే. ఈసారి మీనాకుమారిని కట్టమన్నారు దీదీమణి.

స్కౌట్ల జెండాను మడతపెట్టి, లోపల పూలరేకులు పోసి, జారుముడి వేసి స్తంభం పైకి చేరుస్తారు. ముఖ్య అతిథి తాడు లాగగానే ముడి జారి జెండా విచ్చుకుంటుంది, రేకులు రాలతాయి. జారుముడికి చిన్న ఉచ్చు ఒకటి బయటికి తెలియాలి. అది లేకుండా కడితే లాగేకొద్దీ బిగుస్తుంది.

ర్యాలీ రోజు మీనాకుమారి మడత సరిగ్గా రాక మళ్ళీ మళ్ళీ విప్పుతుంటే నీలవేణి నవ్వి జెండా అందుకుంది. తనే మడిచింది, తనే ముడి వేసింది.

"ఇదిగో, కట్టి ఇచ్చినాను. ఇంక ముట్టుకోకు, ఎల్లి తాడుకి తగిలించు. దీదీమణి అడిగితే నువ్వే కట్టినావని సెప్పు," అంది.

స్తంభం దగ్గరికి నడుస్తున్నప్పుడు మీనాకుమారి బొటనవేలు ముడి మీద ఉంది. ఉచ్చు తగలలేదు. చేతికి తెలిసిపోయింది. విప్పి చూసుకోవడానికి వ్యవధి కూడా ఉంది. కానీ అది అప్ప కట్టిన ముడి. అలాగే పైకి చేర్చింది.

కమిషనర్ మేడం తాడు లాగారు. మళ్ళీ లాగారు. జెండా స్తంభం పైన మూటలాగే ఉండిపోయింది. వరుసల్లో నవ్వు మొదలైంది. ఎవరు కట్టారని దీదీమణి అడిగితే మీనాకుమారి నేనే అని చెప్పింది. నిజం చెబుదామన్నా, పరీక్ష పని వేరొకరితో చేయించుకున్నానని ఒప్పుకోవాలి. ఎటు చెప్పినా పోయేది తన పేరే. శిబిరానికి నీలవేణి వెళ్ళింది.

జరిగింది ఇంట్లో చెబితే తవిటయ్య అన్నం ముందు కూర్చుని అంతా విన్నాడు. "ముడి ఎవులుదైతే నాకేటి? నవ్వులపాలైంది నా పేరు," అని కంచం తోసి లేచిపోయాడు.

కొన్నాళ్ళకు పూరీ గేట్ దగ్గర నీలవేణి ఎదురైంది. మీనాకుమారి సైకిల్ హ్యాండిల్ పట్టుకుని ఆపింది.

"అప్పా, కావాలనే బిగించినావా?"

"బిగించినాను. నీ సేతికి తెల్దేటి? నువ్వు ఇప్పి సూసుకోవాల్సింది."

"ముట్టుకోవద్దని నువ్వే అన్నావు."

"అన్నాను. నువ్వు ఇన్నావు. ఇద్దరం ఎక్కే బండి కాదే ఇది."

ఆ మాట అని, మీనాకుమారి మెడలో పక్కకు జారిన స్కార్ఫు సరిచేసి నీలవేణి సైకిల్ ఎక్కింది. ఆమెకు బ్యాడ్జి వచ్చింది, తర్వాత కోటాలో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. మీనాకుమారికి మిగిలింది ఒక పేరు. బజారులో కుర్రాళ్ళు ఆమెను 'బంద్ జెండా', అంటే మూసుకున్న జెండా, అనేవారు. తర్వాతి ఏడాది పేరు పంపమని అడిగితే కమిషనర్ మేడానికి నీ ముఖం గుర్తుందని దీదీమణి చెప్పారు. తవిటయ్య రిటైరయ్యాడు. క్వార్టరు వదిలి సుభాష్‌పల్లికి మారిన కొద్ది కాలానికే పోయాడు.

దారి పూర్తిగా మూసుకుపోలేదు. కమిషనర్ మారాక దీదీమణే కబురు పెట్టారు. ఆదివారాలు వచ్చి చిన్నపిల్లలకు నేర్పితే, సీనియర్ గైడ్‌గా పేరు పంపి మళ్ళీ బ్యాడ్జికి నిలబెడతానన్నారు. వయసు ఇంకా ఉంది. మీనాకుమారి వెళ్ళింది. ఆమెకు ఇచ్చిన పిల్ల పేరు కళ్యాణి, ఏడో తరగతి. మాట్లాడేటప్పుడు కొంచెం నత్తి. అప్పా అని పిలవడానికి కూడా రెండుసార్లు ఆగేది. మీనాకుమారి ఆ పిల్లకు తనకు నేర్పినట్టే నేర్పింది, తడి తాడు, ఎండ, కణుపుల మీద దెబ్బలు. కొబ్బరినూనె మాత్రం రాయలేదు. అది మోసమని ఆమె నమ్మకం.

కళ్యాణి అన్నీ తట్టుకుంది. చెప్పింది చెప్పినట్టు చేసేది. మీనాకుమారికి ఆ పిల్లలో నచ్చనిది అదొక్కటే. ఇలా నమ్మే పిల్ల రేపు ఎవరి చేతిలోనో మోసపోతుందని, అది నోటితో చెబితే తలకెక్కదని అనుకుంది.

బడి వార్షికోత్సవం నాడు జెండా పని కళ్యాణిది. మీనాకుమారి జెండా తీసుకుని తనే మడిచి, ఉచ్చు లేకుండా ముడి బిగించి ఇచ్చింది. నేను కట్టినాను, విప్పకు అని చెప్పింది. ఆ పిల్ల విప్పుతుందేమోనని స్తంభందాకా కళ్ళార్పకుండా చూసింది. విప్పి ఉంటే ఆ రోజు ఆమెకన్నా సంతోషించేవాళ్ళు ఉండేవారు కారు. కళ్యాణి విప్పలేదు.

జెండా తెరుచుకోలేదు. జెండా ఎవరు కట్టారని తల్లిదండ్రులందరి ముందు దీదీమణి కళ్యాణిని అడిగారు. ఆ పిల్ల "మీ... మీ..." అంటూ పేరు దగ్గరే ఆగిపోయింది. వెనక వరుసల వాళ్ళు ఆ నత్తిని అనుకరించారు. మీనాకుమారి ముందుకు వచ్చి, అందరికీ వినబడేట్టు చెప్పింది.

"నేనే తప్పు ముడి ఏసినాను, కావాలనే. సూసినావా కళ్యాణీ? ఎవులి ముడినీ నమ్మకూడదు. నాదైనా సరే."

కళ్యాణి ఆమె వంకే చూస్తూ నిలబడింది. యూనిఫాం తడిసి, కాళ్ళ వెంట కారింది. పక్కనున్న పిల్లలు దూరం జరిగారు.

మర్నాడు కళ్యాణి తల్లి సుభాష్‌పల్లికి వచ్చింది. కేకలు వేయలేదు. గుమ్మంలో నిలబడి, "నా గుంట నీకేటి సేసిందమ్మా? నీ బతుకు పాడైందని దాని మాట కూడా పడగొట్టినావు," అంది. తను ఆ పిల్లకు మేలు చేశానని, ఇక జన్మలో మోసపోదని మీనాకుమారి జవాబిచ్చింది. ఆ మాటను ఆమె ఇప్పటికీ మార్చుకోలేదు.

కళ్యాణి దళం మానేసింది. బడిలో నోరు తెరవడమూ మానేసింది. దీదీమణి మీనాకుమారిని ఆదివారాలు రావద్దన్నారు. పేరు పంపలేదు.

మీనాకుమారి, తల్లి జోగమ్మ సుభాష్‌పల్లిలో ఒక గదిలో అద్దెకుంటున్నారు. కిందటి శ్రావణంలో ఆమెకు ఆ కోటా వయసు దాటింది.