ఆ రోజు మింగిన బెల్లం ముక్క

బెల్లం పేరు వింటేనే నేను విస్తరి ముందు నుంచి లేచి వెళ్లిపోతాను. ఇరవై ఏళ్లకు పైగా ఇదే వరస. ఇంట్లోవాళ్లు పైత్యం అనుకుంటారు. నిజానికి నా మీద నాకే అసహ్యం. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పకుండా మోసిన సంగతి మీకు చెబుతున్నాను. మధ్యలో లేచి పోకండి.

బోధన్ దగ్గర మా ఊళ్లో నాకు బెల్లం బట్టీ ఉండేది. చెరుకు రసం తీయగా మిగిలిన పిప్పిని ఎండబెట్టి, దాన్నే పొయ్యిలో వేసి రసం కాచేవాళ్లం. బయట పుల్ల కొనే పని లేదు. తొంభైల చివర్లో కాలం మారింది. బొగ్గు వాడకం తగ్గాలి, పిప్పితో కరెంటు తీసే ఫ్యాక్టరీలకు మంచి రేటు ఇస్తామని సర్కారు చెప్పింది. మంచి మాటే. లారీలు మా బట్టీల దాకా వచ్చి పిప్పి కొనుక్కుపోవడం మొదలైంది. ఆ డబ్బు చూసి నాకు నోరూరింది. మొత్తం అమ్మేశాను. మరి పొయ్యిలోకి? నిజామాబాద్ నుంచి పాత లారీ టైర్లు తెప్పించాను. కారుచౌక.

ఫ్యాక్టరీ పొగ తగ్గిందని అందరూ మెచ్చుకున్నారు. ఆ పొగ ఎటు పోయిందో ఎవరూ అడగలేదు. నా బట్టీలోకి వచ్చింది, మరింత నల్లగా.

మంట వేసేవాడు సాయిలు. నాకంటే పెద్దవాడు, రెంజల్ వైపు నుంచి వచ్చి మా దగ్గరే కుదురుకున్నాడు. టైర్లు వద్దని మొదటి రోజే అన్నాడు. నేను వినలేదు. పొద్దంతా పొయ్యి ముందు కూర్చుని నల్లగా ఉమ్మేవాడు. నేను మొహం తిప్పుకునేవాణ్ని. బెల్లానికి కూడా రబ్బరు కంపు పట్టింది. మా ఇంటికి మాత్రం నందిపేట్‌లో మా బావమరిది కాచిన బెల్లం తెప్పించుకునేవాణ్ని. ఎంత నీచం! ఊరికి అమ్మేది ఒకటి, నా పిల్లలు తినేది ఒకటి.

ఆరేసిన బట్టలు మసిబారుతున్నాయని ఆడవాళ్లు మండలాఫీసుకు పోయి మొరపెట్టుకున్నారు. ఒక ఆఫీసరు వచ్చాడు, వెనకాల ఊరంతా. సగం కాలిన టైరు పొయ్యిలోనే ఉంది. ఇవి ఎవరు తెచ్చారని అడిగాడు.

“నాకెర్క లేదు సార్. గీ సాయిలే పిప్పి అమ్ముకొని, గివి తెచ్చి వేస్తుండు,” అన్నాను.

దొంగే దొంగ దొంగ అని అరిచినట్టు. అంత సులువుగా ఎలా వచ్చింది ఆ మాట? ముందే నోట్లో పెట్టుకుని ఉన్నానా?

బట్టీకి ఎవరొచ్చినా వేడి బెల్లం చేతిలో పెట్టడం మా దగ్గర రివాజు. సాయిలు ఒక ముక్క తుంచి నా ముందు పట్టుకున్నాడు.

“సార్‌కు పెట్టేముందు నువ్వు తిను పటేలా. నీ బట్టీ బెల్లం నువ్వు తినంగ నేనెన్నడు సూడలే.”

అందరూ చూస్తున్నారు. తినకపోతే దాని సంగతి నాకు తెలుసని తేలిపోతుంది. తిన్నాను. కంపు ముక్కుల్లోకి ఎక్కింది. నమిలి, మింగి, “మంచిగనే ఉంది,” అన్నాను. ఆఫీసరు నా మాటే రాసుకుని పోయాడు.

ఆ సాయంత్రమే సాయిలును పంపేశాను. లేకపోతే నా అబద్ధం నిలవదు కదా. పిప్పి దొంగ అన్న పేరు అతనికంటే ముందే ఊళ్లు తిరిగింది. ఏ బట్టీలోనూ పని దొరకలేదు. కొన్నేళ్లకు బోధన్ బస్టాండులో కనిపించాడు, దగ్గుతో వంగిపోయి. నేను గోడ చాటుకు తప్పుకున్నాను. థూ. తర్వాత పోయాడని తెలిసింది.

సర్కారును అనవచ్చు. పిప్పికి గిరాకీ పెంచినవాళ్లు, పిప్పి పోయిన పొయ్యిలో ఏం కాలుతుందో చూడలేదు. నిజమే. కానీ టైర్లు వేయమని నాకు ఏ సర్కారూ చెప్పలేదు. సాయిలు పేరు చెప్పమని అసలే చెప్పలేదు.

క్షమించమని అడగను. క్షమించాల్సినవాడు లేడు. ఆ రోజు ఆఫీసరు అడిగినదానికి మాత్రం ఇప్పుడు జవాబు చెబుతున్నాను. పిప్పి అమ్ముకున్నది నేను. టైర్లు తెచ్చింది నేను. సాయిలు కాదు.