పీరయ్య ఇరవై తొమ్మిది రోజుల నవల

పీరయ్య నవల రాస్తానని చెప్పడం మొదలుపెట్టి అప్పటికి ఏడేళ్లయింది. జిద్దాకు ఉత్తరాన రాబిగ్‌లోని మా కంపెనీ క్యాంపుకి కొత్తగా ఎవరొచ్చినా మొదటి వారంలోనే ఆ సంగతి వాళ్ల చెవిన వేసేవాడు. మొదటి పేజీ ఇంకా కుదరలేదా అని నేను అడిగితే, "నవలంటె నీ హాజరు పట్టీ కాదు భాయ్" అనేవాడు. హాజరు పట్టీ నిజంగానే నాది. నేను ఆ క్యాంపులో టైమ్‌కీపర్ని, పేరు ఖాజావలి, మాది ప్రొద్దుటూరు. పీరయ్య జగిత్యాల వైపు మనిషి, ప్లంబరు. పీర్లకు మొక్కుకుంటే పుట్టాడని వాళ్లమ్మ ఆ పేరు పెట్టింది. మేమిద్దరం, బాలన్న, స్వామి, నలుగురం ఒకే గదిలో ఆరేళ్లు ఉన్నాం.

నవల మాట ఎలా ఉన్నా, ఉత్తరాలు రాయడంలో అతణ్ణి మించినవాడు ఆ క్యాంపులో లేడు. శుక్రవారం నేను జుమా నమాజుకు వెళ్లి వచ్చేసరికి అతని మంచం చుట్టూ ఏడెనిమిది మంది కవర్లు పట్టుకుని కూర్చుని ఉండేవాళ్లు. వాళ్లు చెప్పుకుంటూ పోతారు, అతను రాసుకుంటూ పోతాడు. అయితే చెప్పింది చెప్పినట్టు రాయడు. వేలు తెగిందంటే చిన్న దెబ్బ తగిలి తగ్గిందని రాస్తాడు. ఫోర్‌మన్ తిట్టాడంటే పని కొంచెం ఎక్కువగా ఉందని రాస్తాడు. "ఆడోళ్లు ఆడ ఒక్కలే ఉంటరు. వాళ్లను భయపెట్టి మనకేమొస్తది?" అనేవాడు. రాయించుకున్నవాళ్లకు చదువు రాదు కాబట్టి అడిగేవాళ్లు లేరు. నాకు చదువొచ్చు, నేనూ అడగలేదు. అది మంచి పనే అనుకున్నాను.

ఆ జనవరిలో గల్ఫ్ యుద్ధం మొదలైంది. అది మాకు దూరంగా, తూర్పు వైపు జరిగింది. రాబిగ్‌లో ఒక్క బాంబు కూడా పడలేదు గానీ భయం మాత్రం మా మీదా పడింది. ఇళ్ల నుంచి రమ్మని ఉత్తరాలు. వెళ్తామంటే కంపెనీ ఎవరికీ సెలవు ఇవ్వడం లేదు. పాస్‌పోర్టులన్నీ ఆఫీసు బీరువాలో ఉన్నాయి.

యుద్ధం మొదలైన పదో రోజున బాలన్న పోయాడు. పైపులకు ఇన్సులేషన్ చుట్టే పని అతనిది. పది గంటల టీకి కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. గుండె ఆగిందన్నారు. నలభై మూడేళ్లు. విమానాలు సరిగా నడవని రోజులు కావడంతో శవపెట్టె ఊరు చేరడానికి నెల పైన పట్టింది.

యుద్ధం ఆగింది. మార్చి మొదట్లో పీరయ్య పేరున ఒక కవరు వచ్చింది. బాలన్న భార్య ముత్తవ్వ చెబుతుంటే, పదో తరగతి చదివే కూతురు పుష్ప రాసిన ఉత్తరం. పీరయ్య మాకు పైకి చదివాడు.

"పీరన్నా, ఆయన పోయిండని టెలిగ్రాం వచ్చినంక తొమ్మిదొద్దులకు ఆయన ఉత్తరం వచ్చింది. అందరు ఇంటికి పోతమంటున్నరు గాని నాకే రాబుద్ధి అయితలేదు అని రాసిండు. పోయినసారి చుట్టీకి వచ్చినప్పుడు నేను కొట్లాడిన. మళ్ల ఈ గడప తొక్కకు అన్న. కోపంల అన్న. అది మనసుల పెట్టుకునే రాలేదా? నువ్వు పక్కన ఉన్నవు. నిజం చెప్పు."

చదివి, మడిచి, దిండు కింద పెట్టుకున్నాడు. వెంటనే జవాబు రాయమన్నాను. రాస్తా అన్నాడు. పది రోజులు గడిచాయి, రాయలేదు. ఎవడికి పడితే వాడికి గంటలో నాలుగు పేజీలు రాసిచ్చేవాడు, ఆ ఇల్లాలికి రెండు ముక్కలు రాయడానికి ఎందుకింత తాత్సారం చేస్తున్నాడో నాకు అర్థం కాలేదు.

ఇంతలో స్వామికి సెలవు మంజూరైంది. రంజాన్ పండగ తర్వాత ప్రయాణం. అతని ఊరికి, ముత్తవ్వ ఊరికి రెండు కోసులే దూరం. ఉత్తరం అతని చేతికి ఇస్తే నేరుగా ఆమె చేతికే అందుతుంది. ఆ సంగతి తెలిసిన రోజున పీరయ్య నా దగ్గరకు వచ్చి పాత టైమ్‌షీట్లు ఉన్నాయా అని అడిగాడు. వెనక వైపు ఖాళీగా ఉంటే చాలట.

"ఎందుకప్పా?"

"నవల రాస్త. బాలన్న మీద. రంజాన్ నెలంత మనకు పని పగటీలి పన్నెండు దాకనే గద. ముప్పై దినాలు, ముప్పై భాగాలు, దినానికి పది కాయితాలు. స్వామి తీస్కపోతడు."

"ఆ యమ్మ అడిగింది ఒగ మాట. దానికి మూడు నూర్ల పేజీలా?"

"ఒక్క మాటల ఎట్ల చెప్త భాయ్? ఆయన ఈడ ఎట్ల బతికిండో మొత్తం తెల్వాలె. ఉత్తరమైతే నాకు నిజం రాదు. నవలైతే పేరు మార్చి రాయొచ్చు."

ఏడేళ్లు కుదరని మొదటి పేజీ రంజాన్ మొదటి రోజు మధ్యాహ్నమే కుదిరింది. గదిలో ఉపవాసం ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. మిగతా ఇద్దరూ తలుపు వేసుకుని అన్నం తినేసేవాళ్లు, స్వామి పడుకునేవాడు. పీరయ్య బోర్లించిన పెయింటు డబ్బా మీద కూర్చుని, ఒళ్లో అట్ట పెట్టుకుని, టైమ్‌షీట్ల వెనక రాసేవాడు. రాసింది మళ్లీ చదవడు, ఒక్క ముక్క కొట్టేయడు. తప్పో ఒప్పో ముందు రాసి పారెయ్యాలి, దిద్దుడు ఫేర్ కాపీలో చూసుకోవచ్చు, ఇది అతని లెక్క. పదో కాయితం అయితేగాని లేవడు. లేచిన వెంటనే ఆ పది నా చేతికి వచ్చేవి. ఇఫ్తార్ దాకా దాహం మరిచిపోవడానికి నేను చదివేవాణ్ణి.

హీరో పేరు ప్రభాకర్. బాలన్నకు ప్రభాకర్ ఏమిటయ్యా, ఎర్రటి గోచీ పెట్టుకుని స్నానం చేసే మనిషికి, అని నవ్వాను. నవలన్నాక ఆ మాత్రం పేరు ఉండాలన్నాడు. మొదట్లో బాగానే సాగింది. బొంబాయి ఏజెంటు, విమానంలో బెల్టు విప్పడం రాక దిగేవరకూ అలాగే కూర్చోవడం, ఇవన్నీ చదివి స్వామి పడీ పడీ నవ్వాడు. బాలన్న లేని మంచం మీద కూర్చునే నవ్వాడు. ఆ తర్వాత మాత్రం నాకు విసుగు మొదలైంది. పది భాగాలు దాటినా ప్రభాకర్‌కు ఏ కష్టమూ రాదు. ఎండ తగలదు, ఒంట్లో నలత లేదు, మేనేజరు భుజం తట్టి మెచ్చుకుంటాడు. ఉపవాసంలో కోపం తెచ్చుకోకూడదంటారు. నాకు అప్పుడే ఎక్కువ వస్తుంది. పదిహేనో రోజున కాయితాలు మంచం మీద గిరాటేశాను.

"ఏం పీరయ్యా, నీ ప్రభాకర్‌కి చెమటే పట్టదా? ఎప్పుడు చూసినా బాగుండాడు, తింటాండాడు, పండుకుంటాండాడు. ఇది నవల గాదు. నువ్వు శుక్రవారం రాసే ఉత్తరం."

అతను కాయితాలు ఏరుకుని వరస పెట్టుకున్నాడు. మరునాటి నుంచి రాత మారింది. జూలైలో ట్యాంకు మీద బాలన్న కళ్లు తిరిగి పడిపోవడం, నోట్లో నీళ్లు పోస్తే లేచి ముందుగా చేతి గ్లవ్స్ ఎక్కడున్నాయని వెతుక్కోవడం, అన్నీ వచ్చాయి. అవి పోతే మళ్లీ కొత్తవి ఇవ్వరని అతని భయం. ఇరవై రెండో భాగం మొత్తం అట్టపెట్టె గురించి. జిద్దా వెళ్లిన ప్రతిసారీ బాలన్న బలద్ బజారులో ఒకటో రెండో వస్తువులు కొని మంచం కింద అట్టపెట్టెలో పెట్టేవాడు. రెండు చీరలు, ఉన్ని దుప్పటి, తలనొప్పి మందు సీసాలు, పుష్పకు జామెట్రీ బాక్సు. డిసెంబరులోనే పెట్టెకు తాడు బిగించి, పైన ఊరి పేరు రాయించాడు. సెలవు రాలేదు. అయినా వారానికోసారి తాడు విప్పి, అన్నీ చూసుకుని, మళ్లీ కట్టేవాడు. ఆ పెట్టె అప్పటికింకా మా గదిలోనే ఉంది, స్వామి తీసుకుపోవాలి. ఆ భాగం చదివి స్వామి బయటికి వెళ్లిపోయాడు. నాకూ ఏడుపొచ్చింది.

ఆ తర్వాతే నాకు అనుమానం తగిలింది. "ఇంత ఇదిగా పెట్టె కట్టుకున్నోడు రాబుద్ధి కాలేదని ఎట్లా రాపిచ్చినాడు పీరయ్యా?" అన్నాను.

"ముప్పయ్యో భాగంల వస్తది" అన్నాడు, నా మొహం చూడకుండా.

ముప్పయ్యో భాగం రాలేదు. మా నెల చంద్రుణ్ణి బట్టి ఉంటుంది. ఇరవై తొమ్మిదికే నెలవంక కనిపిస్తే నెల అక్కడితో సరి. ఎనిమిదేళ్లుగా ఈ దేశంలో ఉంటున్న మనిషి, అలా ముగిసిన నెలను రెండుసార్లు చూసినవాడే, ఆ మాట మరిచిపోయి తన క్యాలెండరు లెక్కన ముప్పై వేసుకున్నాడు. ఇరవై తొమ్మిదో సాయంత్రం మగ్రిబ్ నమాజు తర్వాత రేడియోలో చెప్పారు, తెల్లవారితే పండగని. స్వామి టికెట్ ఇంకా మూడు రోజులకు గానీ లేదు. అయితే సెలవుల్లో జిద్దాకు బస్సు ఒక్కటే, అది పండగ పొద్దున్నే బయల్దేరుతుంది.

నేను గదిలోకి వచ్చేసరికి పీరయ్య డబ్బా మీద కూర్చుని ఉన్నాడు. ముందు మూడు కాయితాలు. ఎన్నడూ ముక్క కొట్టెయ్యనివాడు మూడింటినీ అడ్డంగా గీసేశాడు. తీసి చూశాను. మూడింట్లోనూ ఒకటే వరస: ప్రభాకర్‌కు రావాలనే ఉంది కానీ, పరిస్థితులు అనుకూలించక, విధి వక్రించి.

"ఏం విధి? సక్కంగా చెప్పు" అన్నాను.

నా చేతిలోంచి ఆ కాయితాలు తీసుకుని చెప్పాడు. "రాబుద్ధి అయితలేదు అని బాలన్న చెప్పలే భాయ్. అది నేను రాసిన."

"మరి అతనేమన్నాడు?"

"నాకు ఈడ మనసున పడ్తలేదు, రావాలనే ఉన్నది, మూడుమాట్ల అడిగిన, మేనేజరు తోలుతలేడు, నా తప్పు లేదని రాయి అన్నడు. నేనేమనుకున్న? రానిస్తలేరంటె ఆడ బుగులు పడి సస్తరు, ఆయనే వద్దనుకున్నడంటె నిమ్మళంగ ఉంటరు అనుకున్న. యుద్ధం అయిపోంగనే పోతడు గద అనుకున్న. వాళ్లిద్దరు కొట్లాడుకున్నరని నాకు తెల్వది."

నాకు అతన్ని కొట్టాలన్నంత కోపం వచ్చింది. మనిషి చివరి మాట మార్చేశాడు. ఆ తల్లి రెండు నెలల పైగా తన నోటి మాట వల్లే మొగుడు రాలేదని కుమిలిపోతోంది. అయితే ఆరేళ్లు అతని రాత చూస్తూ ఊరుకున్నవాణ్ణి నేను. ఆ కోపం ఎవరి మీద చూపాలో నాకే తెలియలేదు.

"రాయి" అన్నాను.

"నా చెయ్యి రాస్తలేదు భాయ్. ఎట్ల మొదలువెట్టినా మంచిగ చేసుకుంటనే పోతది."

పెన్ను లాక్కున్నాను. "నువ్వు చెప్పు. నేను రాస్తా."

అతను చెప్పాడు. ప్రభాకర్ పేరు వాడలేదు. బాలన్న అన్న మాటలు అన్నట్టే చెప్పాడు, తను రాసిన మాటలు రాసినట్టే చెప్పాడు. "ఆయనకు నీ మీద కోపం లేదు వదినె, ఆ మాట ఆయనది కాదు, నాది" అన్నాడు. అక్కడ నా చెయ్యి ఆగింది. పక్కన 'మంచికే అనుకొని' అని రెండు మాటలు చేర్చితే ఏం పోయిందిలే అనిపించింది. అతని చెయ్యి ఇన్నేళ్లు ఎందుకు ఆగలేదో అప్పుడు తెలిసింది. చేర్చలేదు. ఒక్క పేజీ. అతను దాని కింద సంతకం పెట్టాడు. పొద్దున నేను పండగ నమాజు నుంచి వచ్చేసరికి స్వామి, అట్టపెట్టె, నవల మూడూ బస్సెక్కేశాయి.

ఆ తర్వాత పీరయ్య శుక్రవారం ఉత్తరాలు మానలేదు. కానీ రాయడం అయ్యాక ప్రతి ఉత్తరం రాయించుకున్నవాడికి పైకి చదివి వినిపించేవాడు, "ఇదేనా నువ్వు చెప్పింది?" అని అడిగేవాడు. ఒకరిద్దరికి అది నచ్చలేదు, ఇంకొకరి దగ్గరకు పోయారు. ముత్తవ్వ నుంచి జవాబు కోసం అతను రోజూ ఆఫీసుకు వచ్చి టపా చూసుకుని పోయేవాడు. హజ్ రోజులు కూడా దాటిపోయాయి.

జూలైలో వచ్చింది. పుష్ప చేతిరాత.

"పీరయ్య కాకకు. కాయితాలు, పెట్టె అందినయి. దినాం పొద్దుమీకి అమ్మకు సదివిన. ఆఖరి కాయితం ముందే సదువుమన్నది. సదివినంక నాలుగొద్దులు మళ్ల పుస్తకం ముట్టనియ్యలే. నీ మీద కోపం ఉన్నది అని రాయమన్నది, పోతందుకు టైం పడ్తదట. నాయిన మూడుమాట్ల అడిగిండు గద, అది సాలన్నది. ఐదో దినం మొదటి నుంచి సదువుమన్నది. సదువుతుంటె ఈ ప్రభాకర్ ఎవలే అని అడిగింది. నాయిననే అని చెప్పిన. మనింటాయనకు పరాయోని పేరెందుకు, తీసెయ్యి అన్నది. అన్ని కాయితాలల్ల కొట్టేసి బాలన్న అని రాసిన. ఎనిమిదొద్దులు పట్టింది."

పీరయ్య ఆ చివరి నాలుగు ముక్కలు నాతో మళ్లీ చదివించుకున్నాడు.  ఫేర్ కాపీ ఎప్పుడు మొదలుపెడతావని అడిగాను.

"ఆ పోరి చేసింది గద భాయ్" అన్నాడు.